కింద దుకాణాలు, పైన ఇళ్లు

ఈరోజు సెలవు. బయటికి వెళ్లే పనేమీ లేదు. లిఫ్ట్ సర్వీసింగ్‌లో ఉందని పొద్దున్నే నోటీసు అంటించారు, కాబట్టి రోజంతా మెట్లే గతి.

మా కాంప్లెక్సులో కింద దుకాణాలు, వాటి మీద ఆఫీసులు, ఆ పైన మా ఇళ్లు. మెట్లదారి మాత్రం బాగా కట్టారు. ప్రతి మలుపులోనూ పెద్ద కిటికీ ఉంది, పగలు లైటు వేయాల్సిన పనే లేదు. చిట్టచివర జాలీ గోడ పెట్టారు. వేడెక్కిన గాలి అందులోంచి బయటికి పోతుంటే కింది నుంచి చల్లగాలి వచ్చి చేరుతుంది. ఫ్యాన్ లేదు, మోటారు లేదు. బిల్డర్ ఇచ్చిన బ్రోచర్‌లో దీని ఊసే లేదు. అందులో ఉన్నవన్నీ టెర్రస్ మీది సోలార్ ప్యానెళ్ల ఫొటోలే!

ప్యానెళ్ల మీద నాకేం కోపం లేదు. కాకపోతే ఎత్తయిన భవనంలో వాటితో అయ్యేది కొంతే. అంతస్తు మీద అంతస్తు వేస్తే ఇళ్లు పెరుగుతాయి కానీ టెర్రస్ పెరగదు కదా. ఒక కిలోవాట్‌కు దాదాపు 5 చదరపు మీటర్ల ప్యానెళ్లు కావాలి. నీళ్ల ట్యాంకులు, లిఫ్ట్ గది పోగా మిగిలిన జాగాలో వచ్చే కరెంటు ఇన్ని ఇళ్లకు ఏ మూలకు? అయినా మాకు కలిసొచ్చింది ఒకటుంది. ఎండ బాగా ఉండే వేళకు ఇళ్లలో చాలామంది ఉండరు, ఆఫీసుల్లో ఏసీలు మాత్రం జోరుగా నడుస్తుంటాయి. ఉత్త ఇళ్లే ఉన్నచోట ఆ కరెంటును గ్రిడ్‌కు పంపాలి, లేదా బ్యాటరీల్లో దాచుకోవాలి. ఇక్కడ పుట్టిన కరెంటు ఇక్కడే ఖర్చయిపోతుంది.

మధ్యాహ్నం బెడ్‌జెడ్ గురించి చదువుతూ కూర్చున్నాను. దక్షిణ లండన్‌లో ఇళ్లు, పనిచోట్లు కలిపి 2002లో పూర్తిచేసిన సముదాయం అది. ఆర్కిటెక్ట్ బిల్ డన్‌స్టర్. అది చలిదేశం కాబట్టి ఇళ్లను దక్షిణం ఎండకు ఎదురుగా పెట్టాడు. ఆఫీసులను వాటి వెనక నీడలోకి నెట్టాడు. మనుషులు, కంప్యూటర్లు కలిసి పుట్టించే వేడి ఆఫీసులకు ఎలాగూ ఉంటుంది, పైగా ఎండ పడితే ఉక్కపోతే. ఆఫీసుల కప్పులేమో ఇళ్లవాళ్లకు తోటలయ్యాయి. ఈ ఒక్క ఆలోచన నాకు తెగ నచ్చింది. అదే చోట చెక్కముక్కలు మండించి కరెంటు, వేడి ఇవ్వాల్సిన యంత్రం మాత్రం అనుకున్నట్టు నడవక, చివరికి గ్యాస్ బాయిలర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. యంత్రం మూలపడినా, ఏ గది ఎటు చూడాలో ముందే ఆలోచించి కట్టినది ఇప్పటికీ పనిచేస్తోంది.

సాయంత్రం కిందికి దిగేసరికి ప్లంబర్ కనిపించాడు. మేం స్నానాలు చేసిన నీళ్లు శుద్ధయి ఆఫీసుల ఫ్లష్‌లకు వెళ్తాయట. ఆఫీసుల్లో స్నానాలుండవు, ఫ్లష్‌లే ఎక్కువ. ఇళ్లలో స్నానాల నీళ్లకు కొదవ లేదు. చక్కగా కుదిరింది. "కట్టేటప్పుడే రెండో పైపు వేశారు కాబట్టి సరిపోయింది మేడమ్. ఇప్పుడు వేయాలంటే గోడలన్నీ పగలగొట్టాలి" అన్నాడు.

పార్కింగ్‌లో మాత్రం ఈ తెలివి చూపించలేదు. పగలు ఆఫీసువాళ్లకు, రాత్రి మాకు ఒకే స్లాట్ సరిపోయేది. అలా చేయకుండా ఎవరి నంబరు వాళ్లకు రాసిచ్చి, అందుకోసం ఇంకో సెల్లార్ తవ్వారు. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో 7-8 శాతం సిమెంటు తయారీదే. ఆ సిమెంటును నేలలో పాతి, దాని మీద సగం రోజు ఖాళీగా ఉండే గళ్లు గీశారు.

సూపర్ మార్కెట్ వెనకవైపు నడిస్తే ఇంకా చిరాకేసింది. కోల్డ్ స్టోరేజీ యంత్రాలు రాత్రీపగలూ వేడిగాలి ఊదుతూనే ఉంటాయి. పైన మేమేమో గీజర్లు వేసుకుని కరెంటుతో నీళ్లు కాచుకుంటున్నాం. ఆ వేడిని ఒక ట్యాంకులోకి మళ్లిస్తే మా నీళ్లు సగం కాగే పైకి వస్తాయి. ఇదేం కొత్త విద్య కాదు, చాలాచోట్ల చేస్తున్నదే. చిక్కల్లా మీటర్ల దగ్గర ఉంది. ట్యాంకు ఖర్చు దుకాణం పెట్టాలి, బిల్లు తగ్గేది మాకు. వాళ్లెందుకు పెడతారు?

మేమే పెట్టుకుంటే ఎలా ఉంటుందని సెక్రటరీ గారికి మెసేజ్ పెట్టాను. "వచ్చే మీటింగులో చూద్దాం. ముందు ఆ పార్కింగ్ గొడవ తేలనివ్వండి" అని జవాబిచ్చారు.