పాత ఐరిష్ పేపరు: అంత్యప్రాస లేని రాజవంశ పద్యాలతో నా ప్రిపరేషన్

ఈ ఏడాది పాత ఐరిష్ (ఐర్లండ్ ప్రాచీన భాష) పేపరు రాయబోతున్న మిత్రులకు, ముఖ్యంగా అంత్యప్రాస లేని వంశావళి పద్యాల దగ్గర ఆగిపోయినవారికి, నా ప్రిపరేషన్‌లో జరిగిన ఒక పొరపాటును, దాన్ని సరిదిద్దుకున్న పద్ధతిని చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ఐర్లండ్‌లోని లైన్‌స్టర్ ప్రాంతపు రాజుల మీద అల్లిన ఈ పద్యాలు ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలోని రాలిన్సన్ బి 502 వంటి 12వ శతాబ్దపు రాతప్రతుల్లో వంశావళుల నడుమ దక్కాయి. వీటి భాష మాత్రం ఆ ప్రతులకంటే కొన్ని శతాబ్దాలు పాతది. జర్మన్ పండితుడు కూనో మేయర్ వీటిని 1913–14లో జర్మన్ అనువాదంతో ప్రచురించాడు. వంశావళి పద్యాలు కదా అని నేను మొదటి నెలంతా ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎవరి మనుమడో పట్టిక వేసుకుని వల్లె వేశాను. ఆ తరువాత వచ్చిన నమూనా పరీక్షలో ఈ నాలుగు చరణాలు ఇచ్చారు:

మొయిన్ ఓయిన్ ఓ బ నోయిద్,
నీ బ నోస్ ఆర్డ్‌రీగ్,
ఒర్ట్ రీగు, రౌట్ ఆన్,
అవె లుయిర్క్ లవ్రిద్.

మొదటి చరణంలోని ‘ఓ’ కనబడగానే ఓ’బ్రయన్ వంటి ఇంటిపేర్లలోని ‘ఓ’ గుర్తుకొచ్చి, అది ‘మనుమడు’ అనుకుని అనువాదం మొదలుపెట్టాను. అక్కడి నుంచి పద్యమంతా తారుమారైంది. నిజానికి ఆ ‘ఓ’కు ఇక్కడ ‘అప్పటి నుంచి’ అని అర్థం. మనుమడు అనే మాట నాలుగో చరణం మొదట్లో ‘అవె’ అనే పాత రూపంలో ఉంది, అదే తరువాత ‘ఉఅ’గా, ఆపైన ‘ఓ’గా మారింది. మొయిన్ పసివాడుగా ఉన్నప్పటి నుంచీ ఒక్కడే, మహారాజులకు అలవాటు లేని తీరున, రాజులను హతమార్చాడని, అది దివ్యమైన విసురని, అతడే లోర్క్ మనుమడు లవ్రిద్ అని పద్యభావం. కథ తెలిస్తే ఈ క్లుప్తత ఇంకా బాగుంటుంది: మొయిన్ అంటే మూగవాడు, లవ్రిద్ అంటే ‘మాట్లాడుతున్నాడు’, మాట వచ్చి ప్రవాసానికి వెళ్లిన ఆ బాలుడే తిరిగి వచ్చి, బారో నది దగ్గరి దిన్ రీగ్‌లో తన తాతను చంపిన కోవ్‌థఖ్‌ను 30 మంది రాజులతో సహా ఇనుప ఇంట్లో కాల్చాడని పాత కథ చెబుతుంది.

ఆ పరీక్ష తరువాత పద్ధతి మార్చాను. నిఘంటువు తెరిచే ముందు పద్యాన్ని చేత్తో రాసుకుని, మూడుసార్లు పైకి చదివి, ఊనిక పడే (అంటే నొక్కి పలికే) మాటల మొదటి ధ్వనులకు సున్నాలు చుట్టాను. అప్పుడు నోయిద్, నోస్‌తో కలిసింది, ఆర్డ్‌రీగ్, ఒర్ట్‌తో, రీగు, రౌట్‌తో, ఆన్, అవెతో, లుయిర్క్, లవ్రిద్‌తో. చరణం లోపల మాటలు కలుస్తూ, ఒక చరణం చివరి మాట తరువాతి చరణంలోని మాటను అందుకుని నడిచే ఈ గొలుసే ఇక్కడ అంత్యప్రాస చేసే పని చేస్తోంది. మన యతి తెలిసినవారికి చెవి త్వరగా అలవాటు పడుతుంది గాని, ఒక తేడా గుర్తుపెట్టుకోండి: మనకు ‘అ’కు ‘ఒ’తో మైత్రి లేదు, ఐరిష్‌లో ఏ అచ్చయినా మరే అచ్చుతోనైనా కలుస్తుంది. పైగా అనుప్రాస ఊనిక ఉన్న మాటలకే లెక్క. నన్ను తప్పుదారి పట్టించిన ‘ఓ’కు ఊనిక లేదు, ‘అవె’కు ఉంది. పైకి చదివి ఉంటే ఆ తప్పు నాకు అక్కడే దొరికేది.

పొడవైన చరణాలున్న పద్యాల్లో చరణాంతం కూడా చూడండి. అక్కడ తరచుగా తొలి అక్షరం మీద ఊనికతో మూడక్షరాల మాట వస్తుంది. భాషాశాస్త్రవేత్త కాల్వర్ట్ వాట్కిన్స్ 1963లో ఈ చరణాంతపు నడకను వేద ఛందస్సుతోను, గ్రీకు, స్లావిక్ ఛందస్సులతోను పోల్చి, అది ఇండో-యూరోపియన్ (ఈ భాషలన్నిటికీ మూలమైన భాష) వారసత్వమని వాదించాడు. వ్యాసప్రశ్న దీని మీద వస్తే అంత్యప్రాస లేదు కాబట్టి పద్యం అతిప్రాచీనమని తేల్చి రాయకండి. 1984లో ఐరిష్ పండితుడు లియమ్ బ్రానఖ్, ఇలాంటి శైలిలోనే ఉన్న ఒక న్యాయగ్రంథపు భాగాలు లాటిన్ చర్చి చట్టాల నుంచి అనువదించినవని చూపించాడు. అంటే 8వ శతాబ్దంలోనూ ఈ శైలిలో కొత్తగా రాసేవారున్నారు. నేను మొదట వాట్కిన్స్ వాదన చదివి దానికే కట్టుబడిపోయాను, కనుక ఇద్దరినీ ఒకే వారంలో చదవమని నా సలహా.

అసలు పరీక్షలో వచ్చిన పద్యంలో నాకు తెలియని మాట ఒకటి ఉంది. సున్నాలు చుట్టాక అది పక్కనున్న రాజు పేరుతో అనుప్రాసలో కలవడం చూసి, అది అవ్యయం కాదని, ఊనిక ఉన్న విశేషణం కావచ్చని గ్రహించి, కారణంతో సహా జవాబు పత్రంలో రాశాను. ఆ మాటకు సరైన అర్థం రాయలేకపోయినా, ఆ విశ్లేషణకు మార్కులు పడ్డాయి.