తుక్కు డబ్బాల వెనక దొరికిన గార్డు

హైదరాబాద్ బాలానగర్‌లో రేకులు కత్తిరించి, వంచి, మోటార్లకు కావలసిన చిన్న భాగాలు చేసే కర్మాగారం మాది. ఎనభై మంది పనిచేస్తాం. నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. కిందటి వేసవిలో ఒక రాత్రి షిఫ్టులో, రేకును కొట్టి ఆకారం తెచ్చే ప్రెస్సు మీద ఉన్న శ్రీకాకుళం కుర్రవాడికి కుడిచేతి వేళ్లు రెండు తెగిపోయాయి. ఈఎస్‌ఐ ఆసుపత్రికి తీసుకెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. మరునాడు ప్రమాద నివేదికలో కారణం రాయవలసిన చోట ‘కార్మికుడి అజాగ్రత్త’ అని రాసిందీ నేనే.

వారం తిరక్కుండా ఫ్యాక్టరీల శాఖ ఇన్‌స్పెక్టర్ వచ్చారు. ఆవిడ ఆఫీసులో కూర్చోలేదు, నేరుగా ప్రెస్సు దగ్గరికి నడిచి, “దీని గార్డు ఏదీ?” అని అడిగారు. చేతులు లోపలికి పోకుండా యంత్రానికి అడ్డుగా బిగించే ఆ జాలీ గోడవార, తుక్కు డబ్బాల వెనక దొరికింది. జాలీ నిండా నూనె జిడ్డు, దాని మీద దుమ్ము. డై, అంటే రేకుకు ఆకారమిచ్చే అచ్చు, మార్చేటప్పుడు నేనే విప్పించాను. మళ్లీ పెట్టాలంటే నాలుగు బోల్టులు బిగించాలి. ఆ సాయంత్రం సరుకు లారీ ఎక్కవలసి ఉంది, రేపు చూద్దాం అనుకున్నాం. ఆ రేపు ఎనిమిది నెలలైంది.

అప్పటికి అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్‌ను ఆవిడ అక్కడే నిలబడి చెప్పారు. ప్రమాదకరమైన భాగాలకు గట్టి కంచె ఉండాలి, యంత్రం నడుస్తున్నంతసేపూ అది దాని చోటులోనే ఉండాలి. అంతకుముందు నేను ఆ చట్టాన్ని రిజిస్టర్ల వ్యవహారంగానే చూశాను. లోపాలన్నీ సరిదిద్దడానికి మాకు గడువు ఇచ్చారు. యజమాని ఆ బాధ్యత నాకు అప్పగించారు.

నోటుపుస్తకం పట్టుకుని రెండు రోజులు షాపంతా తిరిగాను. రోజూ నడిచే దారే, అయినా ఎన్ని కనపడ్డాయో! రంగుల్లో కలిపే థిన్నర్ కూల్‌డ్రింక్ సీసాలో ఉంది, దాని పక్కనే తాగునీళ్ల సీసా. మంటలార్పే సిలిండర్ ముందు అట్టపెట్టెల గుట్ట. దొంగతనాల భయంతో వెనక తలుపుకు తాళం. గ్రైండర్ చక్రానికీ, పనిముట్టును ఆనించే దిమ్మెకూ మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండకూడదు, మా దాంట్లో బొటనవేలు పడుతుంది. డ్రిల్లింగ్ దగ్గర అందరికీ నూలు చేతితొడుగులు, అవి రక్షణ కోసమని నేనే కొనిపించాను. తిరిగే డ్రిల్లు తొడుగు అంచును పట్టుకుంటే చేతిని కూడా లాగేస్తుంది. వాటిని ఆ రోజే తీయించాను.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక చిన్న చెక్కముక్క. పక్క ప్రెస్సు రెండు చేతులతో రెండు బటన్లూ నొక్కితేనే దిగాలి. ఎడమ బటన్ సందులో ఆ ముక్క దూర్చి ఉంది. బయటికి లాగి చూస్తే అంచులు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. ఎన్నాళ్లుగా, ఎన్ని చేతులు మారి అక్కడికి వచ్చిందో! ఆపరేటర్ దాచలేదు. “గంటకు నాలుగు వందల ముక్కలు కావాలంటారు కదా సార్, రెండు చేతులూ బటన్ల మీదే ఉంచితే రేకు ఎవరు పెడతారు?” అన్నాడు. ఆ నాలుగు వందల అంకెను బోర్డు మీద సుద్దముక్కతో రాసేది నేనే.

ఖర్చుకు యజమాని వెనకాడలేదు. చెయ్యి అడ్డొస్తే యంత్రాన్ని ఆపే లైట్ సెన్సార్ పెట్టిద్దాం అన్నారు. అది మా ప్రెస్సులకు పనికిరాదని ఆయనకు నచ్చచెప్పడానికి మూడు రోజులు పట్టింది. మావి పాత పిన్ క్లచ్ ప్రెస్సులు. తిరిగే చక్రాన్ని ప్రెస్సుకు కలిపే క్లచ్ ఒకసారి పడిందంటే దెబ్బ పూర్తయ్యేదాకా మధ్యలో ఆగవు. సెన్సార్ చెయ్యిని చూస్తుంది గానీ, పైనుంచి దిగి దెబ్బ కొట్టే భాగాన్ని, అంటే రామ్‌ను, ఆపజాలదు. అందుకని డై చుట్టూ జాలీ కట్టించాం, రేకు దూరుతుంది, వేలు దూరదు. చేత్తో ముక్క పెట్టక తప్పని చోట, మూస్తేనే క్లచ్ పడే తలుపు పెట్టాం. దెబ్బ పూర్తయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోదు. పొరపాటున ఏదైనా పడినా, ఎవరైనా తొక్కినా ప్రెస్సు దిగకుండా, కాలితో నొక్కే పెడళ్లకు మూతలు వేయించాం.

రిపేర్లప్పుడు కరెంటు స్విచ్ ఆపి దానికి తాళం వేసే పద్ధతి దగ్గర మా పెద్ద ఎలక్ట్రీషియన్ మొరాయించారు. “ఫ్యూజు పీకి జేబులో పెట్టుకుంటాను బాబూ, ఇరవై ఏళ్లుగా అదే నా తాళం” అన్నారు. ఆయన్ను స్టోర్‌కు తీసుకెళ్లి సొరుగు తెరిచాను. అచ్చం ఆయన జేబులో ఉన్నటువంటి ఫ్యూజు క్యారియర్లు ఆరు ఉన్నాయి, ఎవరైనా తెచ్చి పెట్టేయవచ్చు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక తాళం, దానికి ఒకే తాళంచెవి, తాళం మీద వాళ్ల పేరు. స్విచ్ ఆపినా ఫ్లైవీల్ అనే బరువైన చక్రం కొంతసేపు తిరుగుతూనే ఉంటుంది. అది పూర్తిగా ఆగి, రామ్ కింద ఇనుప దిమ్మె పెట్టేదాకా డైలో ఎవరూ చెయ్యి పెట్టరు. ఈ చివరి మాట ఆయన సూచించిందే.

గంటకు నాలుగు వందల అంకెను తగ్గించడం అన్నింటికన్నా కష్టమైంది. గార్డు బిగించి, రెండు చేతులతో బటన్లు నొక్కుతూ యజమాని ఎదుట ఒక గంట పని చేయించాను. రెండు వందల డెబ్బై వచ్చాయి. ఆయన లెక్క చూసుకుని ఏమీ అనకుండా లోపలికి వెళ్లిపోయారు. మర్నాడు ఆయనే సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 270 అని రాశారు.

గడువు ముగిసేలోగా ఇన్‌స్పెక్టర్ మళ్లీ వచ్చి అన్నీ నడిపించి చూశారు. వెళ్లబోతుంటే ఆవిడకు ఒక ఉత్తరం ఇచ్చాను. పాత నివేదికలో నేను రాసిన కారణం తప్పని, దాన్ని సరిచేయాలని అందులో రాశాను. దాని కింద సరైన కారణం: ‘డైకి గార్డు లేదు. ప్రమాదానికి ఎనిమిది నెలల ముందు నేను విప్పించాను, తిరిగి బిగించలేదు.’