రెండు నాలుగు గాజులు

రాత్రి ఒంటిగంట దాటింది. మాత్ర ఉదయమే వేసుకున్నా నిద్ర సరిగా పట్టకపోవడం నాకు కొత్త కాదు. ఈ రాత్రి మెలకువకు మాత్రం పిన్ని అన్న ఒక్క మాటే కారణం.

అంబాజీపేటలో సీమంతానికి వెళ్ళాము. ఇంకా కాళ్ళు కడుక్కుంటూ ఉండగానే పిన్ని నా బుగ్గలు పట్టుకుని, "ఏమే, ఇంత ఒళ్ళు చేశావు! రాత్రిపూట అన్నం మానెయ్యరాదూ?" అని పదిమందీ వినేలా అన్నది. నవ్వి ఊరుకున్నాను. ఊరుకున్నందుకే ఇప్పుడు మనసు ఉడికిపోతున్నది. రాత్రి అన్నం మానేసి ఏడాది దాటింది. ఇది అన్నం తెచ్చిన ముఖం కాదు. ఉబ్బసానికి ఏళ్ళ తరబడి రోజూ వేసుకుంటున్న ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర కొవ్వును బుగ్గలకు, మెడ వెనుకకు, పొట్టకు చేర్చి, చేతుల్లోనూ తొడల్లోనూ ఉన్న కండను కరిగించింది. వీటన్నిటి మీద తీరని ఆకలి ఒకటి. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పరగడుపున సరిగానే ఉండే చక్కెర సాయంత్రానికి పెరగడం దగ్గరా, ఎముకలు పలచబడుతున్నాయని కాల్షియం మొదలుపెట్టిన రోజు దగ్గరా, కంటి డాక్టరు శుక్లాల మాట ఎత్తిన రోజు దగ్గరా?

గాజులు తొడిగే ఆమె మాత్రం నన్ను ఏమీ అడగలేదు. ముఖం చూసి రెండు ఎనిమిది సైజు తీసి, చెయ్యి పట్టుకుని మెల్లగా నొక్కి చూసి, వాటిని పక్కన పెట్టి రెండు నాలుగు తీసింది. పెళ్ళినాటి నుంచి నాది రెండు ఆరు. ఎంత నెమ్మదిగా ఎక్కించినా మణికట్టు దగ్గర చర్మం కింద ఊదారంగు మచ్చ లేచింది. అది చూసి ఆమె రెండో చేతికి సబ్బునీళ్ళు రాసింది.

నాలుగేళ్ళ కిందటి దాళ్వా కోతల రోజులు గుర్తుకొస్తున్నాయి. తమ్ముడి పెళ్ళి ఫొటోలలో ఈ ముఖం ఉండకూడదని, ఎవరికీ చెప్పకుండా మాత్ర ఒక్కసారిగా ఆపేశాను. రెండు రోజులు బాగానే ఉన్నాను. మూడో రోజుకు కాళ్ళలో సత్తువ పోయింది, వాంతులయ్యాయి, లేచి నిలబడితే కళ్ళు తిరిగాయి. యంత్రం కోసి వెళ్ళిన పొలాల్లో గడ్డి తగలబెడుతున్న పొగ ఆ రాత్రే ఇంటి మీదకు వచ్చింది. పిల్లికూతలు మొదలై, మాట పెగలక, ఎన్నిసార్లు ఇన్‌హేలర్ పీల్చినా ఊపిరి అందలేదు. అమలాపురం వరకూ ఆటోలో నన్ను ముందుకు వంచి కూర్చోబెట్టి, వీపు నిమురుతూ, "వచ్చేశాం, వచ్చేశాం" అంటూ కూర్చున్నది పిన్నే. మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు తయారుచేయవలసిన కార్టిసాల్ అనే హార్మోనుకు బదులు మాత్ర బయటి నుంచి అందుతూ ఉంటే అవి పని మానేస్తాయని, మాత్ర ఆపిన వెంటనే మేలుకోవని, అందుకే కొంచెం కొంచెంగా తగ్గించాలని అక్కడి డాక్టరు చెప్పారు. వేసవిలో కట్టేసిన కాలువకు నీళ్ళు వదిలిన నాడే శివారు పొలం తడవదు కదా, అలాగే అనుకున్నాను.

కాబట్టి పిన్నికి నా బాధ తెలియదని పైన రాయబోయిన మాట తప్పు. ఆ రాత్రి చూసిన తరువాత ఆమె, "ఆ స్టెరాయిడ్ల వల్లే ఇదంతా, మానెయ్యి తల్లీ" అని బతిమాలింది. మాత్ర వల్ల కాదని, మానడం వల్లేనని చెప్పలేక, "మానేశాను పిన్నీ" అన్నాను. ఈ నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ అబద్ధాన్ని దిద్దలేదు. మాత్ర లేదని నమ్మిన మనిషికి ఈ బుగ్గలు చూస్తే అన్నం తప్ప ఇంకేమి తోస్తుంది? అయినా పదిమందిలో అనవలసిన మాట కాదు. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

ఒక మంచి మాట కూడా ఉంది. నాలుగు వారాలకొకటి చొప్పున మెపోలిజుమాబ్ ఇంజెక్షను మొదలైన తరువాత ఉబ్బసం కాస్త అదుపులోకి వచ్చి, ఈ నెల నుంచి రోజూ వేసుకునే ప్రెడ్నిసోలోన్ పది మిల్లీగ్రాముల నుంచి ఏడున్నర అయింది. ఇంజెక్షను ఖరీదు తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది కానీ, ఉదయం అయిదు మిల్లీగ్రాముల మాత్రను సగానికి విరిచేటప్పుడు నాకు నిజంగా సంతోషంగా ఉంటున్నది.

మిగిలిన లడ్డూలు ఎవరికి పంపాలో అడగడానికి పిన్ని పొద్దున్నే ఫోను చేస్తుంది. ఈయన లేవకముందే, పెరట్లోకి వెళ్ళి మాట్లాడతాను. లడ్డూల సంగతి ఎత్తేలోపే ఏడున్నర అన్న లెక్క చెప్పాలి. ఏమిటది అని అడగకుండా ఆమె ఉండలేదు.