సజ్జ మీది పెట్టెలు దించాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి

ఇల్లు సర్దుకోవడం గురించి ఎవరు అడిగినా ఈమధ్య నేను చెప్పేది ఒక్కటే. కొత్త డబ్బాలు కొనకండి, వీడియోలు చూస్తూ కూర్చోకండి, ముందు ఒక ఫ్రెండ్‌కి ఫోన్ చేసి ఆదివారం రమ్మనండి. తను వచ్చి చీపురు పట్టుకోనక్కర్లేదు. మనం చేతిలోకి తీసుకున్న ప్రతి వస్తువునీ చూసి "ఇదెందుకే ఇంకా?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్న మనల్ని మనం గట్టిగా అడుక్కోలేం, అడుక్కున్నా మనకి అనుకూలమైన జవాబేదో చెప్పేసుకుని పెట్టె మూత పెట్టేస్తాం.

మాది హైదరాబాద్ కొత్తపేటలో రెండు బెడ్‌రూముల ఫ్లాట్. ఈ ఊళ్లో ఇలాంటి ఫ్లాట్లన్నీ ఒకేలా నిండుతాయి. ముందు కప్‌బోర్డులు, అవి చాలక సజ్జ, ఆ తర్వాత మంచం కింద, చివరికి బాల్కనీలో వాషింగ్ మెషీన్ వెనక. మా సజ్జ మీద కూలర్ వచ్చిన అట్టపెట్టె ఉండేది, కూలర్ ఎప్పుడో పోయింది. మామయ్య ఆస్పత్రి ఫైళ్లు, బాబు ఊయల తాళ్లు, ఏ ఫోన్‌వో తెలియని చార్జర్లు, మోటారు కాలిపోయిన మిక్సీ, దాని జార్లు. అన్నిటికంటే వెనక, గోడకి ఆనించి, నావి, నైలాన్ తాడుతో కట్టిన పుస్తకాల పెట్టెలు.

"పారేయకు బిడ్డా, ఎప్పుడన్న పనికొస్తది" అంటారు మా అత్తమ్మ. దీన్ని చాదస్తం అని కొట్టిపారేసేవాళ్లతో నాకు పేచీ. నూనె డబ్బాలో తులసి మొక్క పెంచిన తరం అది, చిరిగిన చీర బొంత అయ్యేది, బొంత పాతబడితే ఇల్లు తుడిచే గుడ్డ అయ్యేది. వాళ్లు దాచినవి నిజంగానే పనికొచ్చేవి. మనం దాచేవి వేరు. ఆ చార్జర్ ఎప్పటికీ పనికిరాదని మనకి తెలుసు, దాన్ని ఏం చెయ్యాలో తేల్చుకోలేక పైకి ఎక్కిస్తాం. అలా తేల్చనివన్నీ పైనే ఉంటాయి, కింద మనం తిరుగుతుంటాం. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పేలోపే ఏదో చిరాకు మొదలయ్యేది నాకు, ఎందుకో తెలిసేది కాదు.

ఇది నా ఒక్కదాని గొడవేమీ కాదు. డార్బీ సాక్స్‌బీ, రెనా రెపెట్టీ అనే ఇద్దరు సైకాలజిస్టులు లాస్ ఏంజిల్స్‌లో ఉద్యోగాలు చేసే భార్యాభర్తల చేత వాళ్ల ఇళ్లను వాళ్లనే చూపించమన్నారు, చూపిస్తూ ఏ మాటలు వాడుతున్నారో రాసుకున్నారు, లాలాజలంలో కార్టిసాల్ కూడా కొలిచారు. మామూలుగా ఈ స్ట్రెస్ హార్మోన్ పొద్దున ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగిపోవాలి. ఇల్లంతా చిందరవందరగా ఉంది, ఈ పని అవ్వలేదు, ఆ పని మిగిలిపోయింది అని ఎక్కువగా చెప్పిన భార్యల్లో అది దిగాల్సినంతగా దిగలేదు. 2010లో అచ్చయిన స్టడీ ఇది. సామాన్ల వల్లే కార్టిసాల్ అలా అయిందని దాంతో తేలిపోదు, మనసు బాగోలేని మనిషికి ఇల్లు ఇంకా అధ్వానంగా కనిపిస్తుంది కూడా. కానీ ఇల్లు చూపిస్తూ "అది ఇంకా అవ్వలేదండీ" అని సంజాయిషీ ఇచ్చుకునే గొంతు ఎవరిదో మన ఇళ్లల్లోనూ తెలిసిందే, చుట్టాలు వస్తున్నారంటే ఎవరి గుండె దడదడలాడుతుందో చూడండి.

నేను పిలిచిన ఫ్రెండ్ మియాపూర్‌లో ఉంటుంది. ఊరికి ఆ చివర తను, ఈ చివర నేను, మధ్యలో ఒక మెట్రో లైను. అశోక్‌నగర్‌లో ఒకే హాస్టల్ రూములో ఉండి గ్రూప్స్‌కి చదివినవాళ్లం. పెళ్లిళ్లు, పిల్లలు, ట్రాన్స్‌ఫర్లు అన్నీ అయ్యాక పండగలకు మెసేజ్‌లు పంపుకునేదాకా వచ్చింది వ్యవహారం. అందుకే "సజ్జ దించాలే, వస్తవా" అని ఫోన్ చేసినప్పుడు నాకే కొంచెం మొహమాటంగా అనిపించింది. తను మాత్రం "టిఫిన్ ఏం చేస్తున్నవ్" అని అడిగింది.

ముందు మామయ్య ఫైళ్లు దిగాయి. వాటి జోలికి ఇంట్లో ఎవ్వరం వెళ్లేవాళ్లం కాదు, అత్తమ్మ ఏమనుకుంటారో అని. మా ఫ్రెండ్‌కి ఆ భయం లేదు కదా, పెద్ద కవరులోంచి ఒక ఎక్స్‌రే తీసి "అమ్మా, ఇదెప్పటిది?" అంది. అత్తమ్మ దాన్ని తీసుకుని ట్యూబ్‌లైట్ వైపు ఎత్తి పట్టుకున్నారు. నల్లటి ఫిల్ములో పక్కటెముకలు, కింద మూలన పెన్నుతో రాసిన మామయ్య పేరు. ఆ పేరు మీద వేలు పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. ఆ రాత్రి వానలో ఆటో దొరక్కపోవడం, పాలవాడి బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం, వార్డులో పక్క మంచం ఆవిడ తన దుప్పటి తీసి ఇవ్వడం. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉన్నా నేను ఆ మాటలు వినలేదు, మా ఆయన కూడా విన్నట్టు లేదు, వంటగది గుమ్మంలో అలా నిలబడిపోయారు. చెప్పడం అయ్యాక అత్తమ్మ ఎక్స్‌రేని కవరులో పెట్టి "ఇంక తీసెయ్ బిడ్డా" అన్నారు. డిశ్చార్జ్ కాగితం ఒక్కటి ఉంచుకున్నారు, అందులో మామయ్య సంతకం ఉంది. (ఎక్స్‌రే ఫిల్ముల్లో కొంచెం వెండి ఉంటుంది, అందుకే పాత సామాన్ల వాళ్లు వాటిని విడిగా తీసుకుంటారు. చెత్తబుట్టలో పడేయకండి.)

ఆ కవరు అన్నేళ్లు ఎందుకు పైన ఉందో నాకు అప్పుడు అర్థమైంది. ఆవిడని ఎవరూ అడగలేదు, అంతే.

మిక్సీ దగ్గర మా ఆయన అడ్డుపడ్డారు. బాగు చేయిస్తే నడుస్తుందట. ఇక్కడ ఒక పాత ప్రయోగం చెప్పుకోవాలి. 1990లో డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు తమ ప్రయోగాల ఫలితాలు అచ్చువేశారు, వాటిలో ఒకటి కార్నెల్ యూనివర్సిటీ స్టూడెంట్లతో చేసింది. సగం మందికి కాఫీ కప్పులు ఇచ్చి ఎంతకి అమ్ముతారని అడిగారు, మిగతా సగాన్ని ఎంతకి కొంటారని అడిగారు. కప్పు చేతికొచ్చి కాసేపైనా కాలేదు, అయినా అమ్మేవాళ్లు చెప్పిన ధర కొనేవాళ్లు ఇస్తామన్నదానికి దాదాపు రెట్టింపు ఉంది. మనదైపోతే చాలు, వస్తువు విలువ మన కంటికి పెరిగిపోతుంది. అందుకని ప్రశ్న తిరగేసి అడిగితే బాగా పనిచేస్తుంది, ఇదే మిక్సీ ఇదే స్థితిలో రోడ్డు పక్కన అమ్మకానికి పెడితే కొంటామా? మా ఆయన కాసేపు ఆలోచించి, ఒక జార్ ఉంచుకుని మిగతాది ఇచ్చేశారు.

ఇక నా పెట్టెలు. తాడు కోస్తే పైన చేతిరాత నోట్సు, దాని కింద జిరాక్స్ మెటీరియల్, ఎకానమీ, పాలిటీ, కరెంట్ అఫైర్స్. ఉమ్మడి రాష్ట్రం బడ్జెట్ లెక్కలు, ఇరవై మూడు జిల్లాల పట్టికలు, మార్జిన్లలో ఎర్ర పెన్ను గీతలు. 2014 జూన్ 2 తర్వాత ఆ లెక్కలకి అర్థమే మారిపోయింది, సిలబస్‌లో తెలంగాణ ఉద్యమం, రాష్ట్ర అవతరణ మీద ఏకంగా కొత్త పేపరే వచ్చింది. పరీక్షకి ఆ నోట్సు ఎందుకూ పనికిరాదు. ఆ సంగతి నాకు తెలుసు, అయినా ప్రతిసారీ పెట్టె చూసి మూసేసేదాన్ని.

"దీన్ని చూస్తే నీకేమనిపిస్తది?" అని అడిగింది తను.

"ఆ ఏళ్లన్నీ దండగైనయ్ అనిపిస్తది."

తను వెంటనే ఏం మాట్లాడలేదు, నోట్సు తిరగేస్తూ కూర్చుంది. తర్వాత ఒక్కొక్కటే అడిగింది. మీ అపార్ట్‌మెంట్‌కి పన్ను నోటీసు వస్తే జవాబు ఎవరు రాసిన్రు? ఆర్టీఐ అప్లికేషన్ పెట్టాలంటే నీ దగ్గరికే ఎందుకొస్తరు అందరు? బాబుకి పొద్దున పేపర్ చదివి వినిపించేది ఎవరు? "సెలక్ట్ కాలే, అవును. ఎంత ఏడ్చినవో నేను చూసిన. మరి దండగ అనే మాట ఎక్కడికెళ్లొచ్చింది?"

పాజిటివ్ థింకింగ్ అనే మాట మీద నాకు పెద్దగా నమ్మకం ఉండేది కాదు, ఇప్పటికీ చాలామంది చెప్పే పద్ధతి మీద లేదు. దెబ్బ తగిలినవాళ్లతో "అంతా మన మంచికే" అంటే వాళ్ల నోరు మూయించడమే అవుతుంది. తను ఆ పని చేయలేదు. పరీక్ష పోవడం మంచిదేననీ అనలేదు, బాధ లేదనీ అనలేదు. నేను తీర్పులా చెప్పుకుంటున్న ఒక మాటకి సాక్ష్యం అడిగింది. 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ డిప్రెషన్‌తో వచ్చేవాళ్లని గమనిస్తూ పట్టుకున్నది దాదాపు ఇదే. మనసులో దానంతటదే వచ్చిపడే ఆలోచనని మనం నిజమని నమ్మేస్తాం, ఎప్పుడూ విచారించం. దాన్ని బయటికి తీసి, ఏ ఆధారంతో అంటున్నావ్ అని అడగడం నేర్పాడాయన, కాగ్నిటివ్ థెరపీ అక్కడి నుంచే వచ్చింది. కొత్తగా చెప్పుకునే మాట తియ్యగా ఉండాలని రూలేం లేదు, నిజమైతే చాలు. "సెలక్ట్ కాలేదు, చదివింది మిగిలింది" అన్నది నేను నమ్మగలిగిన మాట. "ఓటమే విజయానికి మెట్టు" అని ఉంటే ఆ రోజు తనని మెట్రో ఎక్కించి పంపేసేదాన్ని.

ఇంకో సంగతి తను వెళ్లిపోయాక తట్టింది. 2018లో జెఫ్రీ హాల్ అనే కాన్సస్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్నేహానికి ఎన్ని గంటలు పడుతుందని లెక్క వేశాడు. పరిచయం పైపై స్నేహం అవ్వడానికి యాభై గంటలు, నిజంగా ఫ్రెండ్ అనుకోవడానికి తొంభై, దగ్గరి స్నేహితులు అవ్వడానికి రెండు వందలకు పైనే అని అంచనా. ఉద్యోగం, ట్రాఫిక్, పిల్లల ట్యూషన్ల మధ్య ఈ వయసులో ఎవరితోనైనా రెండు వందల గంటలు ఎక్కడి నుంచి తెస్తాం? అశోక్‌నగర్‌లో మాకు ఆ గంటలు తెలియకుండానే గడిచిపోయాయి. చిక్కడపల్లి లైబ్రరీలో కుర్చీల కోసం పొద్దున్నే పరిగెత్తడం, మెస్‌లో నీళ్ల పప్పు, కరెంటు పోతే మేడ మీద కూర్చుని ఒకరికొకరు రాజ్యాంగం ఆర్టికల్స్ అప్పజెప్పుకోవడం. నేను దండగ అనుకున్న ఏళ్లు ఏవైతే ఉన్నాయో, తను నాకు దొరికింది వాటిలోనే. పాత స్నేహాలు తెగిపోయాయని చాలామంది బాధపడుతుంటారు, తెగిపోయినవి చాలా తక్కువ అని నా నమ్మకం. ఆ గంటలు ఎక్కడికీ పోవు. ఊరికే ఫోన్ చేసి "ఎలా ఉన్నావ్" అంటే మాట ముందుకు సాగదు గానీ, ఒక పని పెట్టుకుని రమ్మంటే వస్తారు. చేతులు పనిలో ఉంటే ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోలేనివి కూడా బయటికొస్తాయి.

ఒక జాగ్రత్త చెప్పాలి. అందరి ఇళ్లూ ఇలా ఒక ఆదివారంతో మొదలవ్వవు. వస్తువు తీసేస్తుంటే ప్రాణం పోయినట్టు విలవిల్లాడేవాళ్లు, ఇంట్లో నడవడానికి దారి లేనంతగా పోగేసేవాళ్లు ఉంటారు. దాన్ని 2013 నుంచి అమెరికన్ సైకియాట్రిస్టుల మాన్యువల్‌లో విడిగా ఒక రుగ్మతగా గుర్తించారు. వాళ్లు ఊరెళ్లినప్పుడు చూసి ఇల్లు ఖాళీ చేసేస్తే మేలు జరగదు, నమ్మకం పోతుంది. అలాగే వారాల తరబడి నిద్ర లేక, దేని మీదా ఆసక్తి లేక ఉన్న మనిషికి సజ్జ సర్దుకోమని సలహా ఇవ్వకండి, డాక్టర్ దగ్గరికి తోడు వెళ్లండి. మన ఊళ్లో "ఎర్రగడ్డకు పంపాలె" అని తిట్టులా అంటుంటారు, వింటే నాకు ఒళ్లు మండుతుంది. అక్కడున్నది మానసిక వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి. ఆ తిట్టు వల్ల ఎంతమంది ఆ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చేసి ఉంటారో. బయటికి వెళ్లలేనివాళ్లకి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 ఉంది, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

దించినవి ఎక్కడికెళ్లాయో కూడా చెప్తాను, అక్కడే చాలామంది ఆగిపోతారు కాబట్టి. బట్టలు కొన్ని స్టీలు సామాన్ల ఆవిడకి ఇచ్చి ఒక గిన్నె తీసుకున్నాం, బేరం అత్తమ్మే ఆడారు. ఇంగ్లిష్ గ్రామర్, మ్యాథ్స్, ఇండియన్ హిస్టరీ లాంటి కాలదోషం పట్టని పుస్తకాలు చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర చదువుకునే పిల్లలకి ఇచ్చాను, కథల పుస్తకాలు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేవాళ్లకి. జిరాక్స్‌లన్నీ తూకానికి. చార్జర్లు, వైర్లు ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వండి, రాగి కోసం వాటిని కాలిస్తే వచ్చే పొగ విషం. భోగి మంటలో పాత చెక్క ముక్కలు వేస్తే వేశాం గానీ ప్లాస్టిక్, వైర్లు వద్దని మా అపార్ట్‌మెంట్ వాళ్లకి ఈసారి ముందే చెప్పి పెట్టాను. చేతిరాత నోట్సులో పాలిటీ ఒక్కటి ఉంచుకున్నాను, బాబు ఎనిమిదో తరగతి సివిక్స్‌కి పనికొస్తోంది.

అమ్మ చీరల పెట్టె ఇంకా తెరవలేదు. తొందరేం లేదు. వచ్చే ఆదివారం మియాపూర్ వెళ్తున్నాం, వాళ్ల బాల్కనీ పనిపట్టాలట. స్టీలు సామాన్ల ఆవిడ అక్కడ కూడా దొరుకుతుందో లేదో కనుక్కోమంటూ అత్తమ్మ కూడా బయల్దేరుతున్నారు.