గులాబీలతోట, ఒక్క పువ్వూ కోయకూడదట

అమెరికాలో, శాన్‌హోసేలో మావాడింటికొచ్చి నెలన్నర. శనివారం వాడికేదో ఆఫీసు కాల్ పడితే నేనూ మా ఆయనా బస్సెక్కి నాగ్లీ అవెన్యూలో గులాబీతోటకి వెళ్లాం. బస్సు టికెట్టు మనిషికి రెండున్నర డాలర్లు! ఇద్దరికీ కలిపి నాలుగొందల రూపాయల పైనే, ఆ డబ్బుతో కడియంలో నర్సరీ వాడితో కాస్త గీసి బేరమాడితే పది గులాబీ మొక్కలొస్తాయి. అరవై ఐదు నిండితే తక్కువట. మాకింకా రెండేళ్లుంది, ఖర్మ.

తోటకి మాత్రం టికెట్టు లేదు. మే నెల కదా, 3,500కి పైగా మొక్కలు ఒకేసారి విరగబూసి ఉన్నాయి. నాకైతే పూజకి ఒక్క పువ్వు కావాలనిపించింది. చెయ్యి చాపానో లేదో, మా ఆయన బోర్డు చూపించాడు. కోయకూడదట.

అవతల ఒక పెద్దావిడ మాత్రం చకచకా కత్తిరించి బకెట్లో పడేస్తోంది. అదేం న్యాయమని దగ్గరికెళ్తే, అవన్నీ వాడిపోయిన పువ్వులు! వాలంటీరట. వాలంటీరంటే మనకి ఒకటో తారీఖున పింఛను తెచ్చిచ్చినవాళ్లే గుర్తొస్తారు, వాళ్లకైనా ఐదు వేలిచ్చేవారు, ఈవిడకి అదీ లేదు.

నా ఇంగ్లీషుకి తగ్గట్టు నెమ్మదిగా చెప్పింది. పళ్లతోట ఉండే నేలని 1927లో నగరం కొని, అందులో ఐదున్నర ఎకరాలు గులాబీలకి వదిలిందట. 1937లో తోట తెరిచారు. తర్వాత బడ్జెట్లు కోసేసరికి చూసే దిక్కులేక, కలుపు పెరిగి తోట పాడైపోయింది. 2007లో చుట్టుపక్కలవాళ్లే జట్టుకట్టి పనిలోకి దిగారు, 2010లో అమెరికాలోకెల్లా మంచి గులాబీతోటని పేరొచ్చింది. ఆ ముక్క చెప్పేటప్పుడు ఆవిడ మొహం చూడాలి, సొంత మనవడికి ర్యాంకొచ్చినట్టే.

"నువ్వూ చేస్తావా?" అని గ్లౌజులిచ్చింది. వాడిన పువ్వుని ఊరికే తుంచేయకూడదు, కిందికొచ్చి ఐదాకులున్న రెమ్మకి కాస్త పైన, చిగురొచ్చే కన్ను బయటివైపు తిరిగున్నచోట కోయాలి. మూడాకుల దగ్గర కోస్తే చిగురు బలంగా రాదట. సరిగ్గా కోస్తే ఆరేడు వారాల్లో మళ్లీ పువ్వు. మా అమ్మ పెరట్లో ఇన్నేళ్లూ వాడిన పువ్వుల్ని గోటితో గిల్లి పారేశాం!

"ఎండిపోయినవి కోయడానికా ఐదు డాలర్లు పెట్టి వచ్చింది?" అని మా ఆయన బెంచీ మీంచి ఒకటే సణుగుడు. గంటన్నర కోశాను, మోచేతి మీద రెండు గీతలు పడ్డాయి. పూజ పువ్వు సంగతి మళ్లీ బస్సెక్కాకే గుర్తొచ్చింది.

ఇంటికొస్తే, మావాడి గుమ్మంలో కుండీలో గులాబీకి మూడు వాడిపోయిన పువ్వులు వేలాడుతున్నాయి. రోజూ చూస్తున్నవే. కత్తెరేదిరా అంటే కొరియర్ డబ్బాలు విప్పేది తెచ్చిచ్చాడు, దానికి సగం పదును లేదు.