స్నాగ్ అట!

ఈయన ఇంకా కాల్‌లోనే ఉన్నారు. చిన్నదానికి పాటల పోటీలో రెండో బహుమతి వచ్చింది, కప్పు పక్కన పెట్టుకుని పడుకుంది. హాయిగా దాని గురించి రాసుకోవచ్చు కదా! ఊహూఁ, ఆ సూపర్‌వైజర్ కుర్రాడి మాటే బుర్రలో తిరుగుతోంది.

"మైనర్ స్నాగ్ మేడమ్, లిస్టులో రాసుకుంటా." స్నాగంటే పనిలో మిగిలిపోయిన చిన్న లోపమట.

బాత్రూముకి కొత్త టైల్స్ వేశాక నీళ్ళు నహానీ ట్రాప్, అదే నేలలోని తూము, వైపు పోవాలా, తలుపు వైపు రావాలా? మా ఇంట్లో తలుపు వైపే వస్తున్నాయి. అత్తయ్య స్నానం చేస్తే హాల్లో తుడుపు నాకు. వాటం, అదే నేల వాలు, తప్పిందండీ అనొచ్చుగా! స్నాగ్ అనేసరికి అదేదో దారిలో ముల్లు తగిలినట్టూ, ఎవరూ ఏమీ చేయనట్టూ ఉంది.

ఈయన ఆఫీసులో గ్లిచ్ కూడా అంతే. వ్యోమగామి జాన్ గ్లెన్ 1962లో ఆ మాట రాసినప్పుడు అర్థం కరెంటు వోల్టేజిలో ఉన్నట్టుండి వచ్చే ఎగుడుదిగుడు. ఇప్పుడు మనిషి చేసిన వెధవపనికి కూడా గ్లిచ్చే. అంగారకుడి దగ్గరికి పంపిన నౌక ఒకటి 1999లో పోయింది. ఇంజన్ల తోపు ఎంతో ఒక జట్టు పౌండ్ల లెక్కలో అంకెలిస్తే ఇంకో జట్టు వాటిని న్యూటన్లనుకుంది. అంత నౌకా పోయాక నాసా వేసిన కమిటీ పేరేంటో తెలుసా? మిస్‌హ్యాప్ ఇన్వెస్టిగేషన్ బోర్డు. మిస్‌హ్యాప్ అంటే ఏదో అనుకోకుండా జరిగిపోయిన ప్రమాదమని! మరి మా బాత్రూము స్నాగ్ అవక ఏమవుతుంది!

బాబాయి పెళ్ళప్పటి దర్జీ గుర్తొచ్చాడు. అమ్మ పట్టుచీర మీది జాకెట్టు సరిగ్గా ముందురోజు సాయంత్రం ఇచ్చాడు. చెయ్యి దూరదు. అమ్మ కళ్ళనీళ్ళ పర్యంతమైతే ఆయన టేపు మెళ్ళో సర్దుకుంటూ "కొలతలు మీవేనమ్మా, ఈ నెలలో మీరే కాస్త ఒళ్ళు చేశారు" అన్నాడు. నాన్న నవ్వారు. ఆ నవ్వు అమ్మ చాలా ఏళ్ళు మర్చిపోలేదు, దర్జీని క్షమించింది గానీ. ఆ రాత్రి విడిదింట్లో బల్బు కింద అత్తలందరూ చుట్టూ కూర్చుని కుట్లు విప్పారు. చంకలో వేయడానికి గుడ్డ లేదు. చివరికి నాయనమ్మ తన పాత పట్టు జాకెట్టు అంచు కత్తిరించి ఇచ్చింది. రంగు కలవలేదు. పెళ్ళంతా అమ్మ చెయ్యెత్తకుండానే అక్షింతలు వేసింది, ఫొటోల్లో చూడొచ్చు.

తమాషా ఏంటంటే, పని పాడు చేయడాన్ని ఇంగ్లీషులో బాచ్ అంటారు కదా, ఒకప్పుడు ఆ మాటకి అర్థం బాగుచేయడం, అతుకు వేయడం. అతుకులు వికారంగా ఉండి ఉండి అర్థం ఇటు తిరిగిందేమో, మా అమ్మ చంకలో ముక్కలాగా.

సరే, ఇంతా తిట్టుకున్నానా, సాయంత్రం టైల్స్ మేస్త్రి స్వయంగా వచ్చాడు. చెంబుడు నీళ్ళు పోసి చూసి, "వాటం నేనే తప్పానమ్మా. మొత్తం పగలగొట్టాలి" అన్నాడు. మనిషంటే అలా ఉండాలి అనుకున్నా. కాసేపే. మొత్తం పగలగొట్టాలంటే కింద వాటర్‌ప్రూఫింగ్ పోతుంది, ఇల్లంతా దుమ్ము, అత్తయ్య మోకాళ్ళతో అవతలి బాత్రూముకి నడక. అప్పుడు ఆ కుర్రాడి స్నాగ్ మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది! స్నాగైతే లిస్టులో పడుంటుంది, ఎవరూ సుత్తి తీయరు.

పోనీ గడప దగ్గర గ్రానైట్ పట్టీ ఎత్తు పెంచుదామా అన్నాడు మేస్త్రి. అత్తయ్య తట్టుకుని పడితే? ఈయన్నడిగితే మ్యూట్‌లో పెట్టి మరీ "నీ ఇష్టం" అన్నారు. అత్తయ్యేమో పట్టీయే నయమంటారు, పగలగొడితే వాళ్ళకి టీలు ఎవరు పెడతారని.

పట్టీయే వేయిస్తానేమో. ఆఖరి వాయిదా డబ్బులు మాత్రం, ఆ కుర్రాడు లిస్టులో స్నాగ్ కొట్టేసి "వాటం తప్పింది" అని రాసేదాకా ఇవ్వను.