పండగ పూట ఒక్కటేగా!

వారంలో మూడో పార్టీ నుంచి ఇంటికొచ్చి పడుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చింది. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి దూసుకుపోతున్న నొప్పి. పండగ రోజులు కదా, గ్యాస్ అనుకుని మాత్ర వేసుకున్నాను. అది వాంతిలో వచ్చేసింది. వెల్లకిలా పడుకోలేను, పక్కకి తిరగలేను. మంచం మీద కూర్చుని ముందుకు వంగి మోకాళ్లు పట్టుకుంటే మాత్రం కాస్త నయం. అలాగే తెల్లవారింది. మా ఆయన ఇక నా మాట వినకుండా కారు తీశారు.

ఎమర్జెన్సీలో రక్తం తీసిన నర్సు ట్యూబును వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా ఇంకొకరిని పిలిచింది. రక్తం తేరాక పైన మిగిలే ద్రవం లేత పసుపుగా ఉండాలట. నాది పాలలా తెల్లగా ఉంది. అదంతా కొవ్వు. రక్తంలోని ఆ కొవ్వుని ట్రైగ్లిజరైడ్లు అంటారట, 150 లోపు ఉండాల్సింది నాకు 1,900 దాటాయి. క్లోమం వాచింది, పాంక్రియాటైటిస్ అన్నారు. దానితో పాటు షుగర్ కూడా బయటపడింది. రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్షలో 6.5 వస్తేనే షుగర్ కింద లెక్క, నాకు 9.2 ఉంది. ఎన్నాళ్ల నుంచి ఉందో ఏమో.

"మందు అలవాటుందా?" అని ఆ రోజు నలుగురు అడిగారు. నాలుగోసారి నాకు ఏడుపొచ్చింది. తర్వాత తెలిసింది, వాళ్ల తప్పేం లేదు. క్లోమం వాపుకి పెద్ద కారణాలు రెండు, పిత్తాశయంలో రాళ్లు, మద్యం. నాకు రాళ్లు లేవు, మద్యం నేను ముట్టను. నేను తాగింది కూల్‌డ్రింకులు, పండ్ల రసాలు.

మొదటి రెండు రోజులు నోటికి ఏమీ ఇవ్వలేదు. సెలైన్, నొప్పికి ఇంజెక్షన్లు, కొవ్వు దిగడానికి ఇన్సులిన్ డ్రిప్. ఆకలి లేదు కానీ దాహం! తడి దూది పెదాలకు అద్దించుకుంటూ, గ్లాసుడు మంచినీళ్ల గురించి కలలు కన్నాను. కలలో కూడా కూల్‌డ్రింకు రాలేదు, అదొక వింత. ఆరో రోజు ఇంటికి పంపారు.

పంపే ముందు డైటీషియన్ వచ్చి, ఆ మూడు పార్టీల్లో ఏం తిన్నారో, ఏం తాగారో వరసగా చెప్పమంది. తిండి గురించి సిగ్గుపడుతూ చెప్పాను. ఆమె మాత్రం తాగినవాటి దగ్గరే ఆగింది. 330 మిల్లీలీటర్ల కోలా డబ్బాలో దాదాపు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు, 2,000 కేలరీలు తినే మనిషికి రోజుకి 50 గ్రాముల లోపు, 25 లోపు ఉంటే ఇంకా మేలు. పండ్ల రసంలో చక్కెర కూడా ఈ లెక్కలోకే వస్తుంది, పండు కొరికి తింటే రాదు. నేనేమో "కూల్‌డ్రింకు వద్దు, జ్యూస్ ఇవ్వండి" అని ఆరోగ్యం చూసుకున్నట్టు గొప్పపడేదాన్ని. శరీరానికి అక్కర్లేనంత చక్కెర పోస్తే కాలేయం దాన్ని కొవ్వుగా మార్చి రక్తంలోకి వదులుతుంది. షుగర్ అదుపులో లేనివాళ్లకి ఆ కొవ్వు తొందరగా ఖాళీ కాదు. పైన మళ్లీ వేపుళ్లు, క్రీము. మూడు రోజులు వరసగా.

ఇంటికొచ్చాక మాత్రలు, ఇన్సులిన్, నూనె లేని తిండి, సాయంత్రం నడక. వీటి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, విసుగ్గా ఉంటుంది కానీ పనిచేస్తుంది. అసలు కష్టం మళ్లీ పార్టీలకి వెళ్లడం మొదలుపెట్టాక తెలిసింది.

మొదటిసారి ఒక ఇంట్లో "నీ కోసం వేరేగా చేశాం" అని ఉడకబెట్టిన కూరలు మూతపెట్టి వంటింట్లోంచి తెచ్చారు. ప్రేమే, కాదనను. కానీ అందరూ నా ప్లేటు కేసి చూసి, జబ్బు కథ మొదటినుంచీ చెప్పించుకున్నారు. చివర్లో స్వీటు పట్టుకుని ఒకావిడ, "పండగ పూట ఒక్కటేగా, ఏమవుతుంది?" అంది. ఏమవుతుందో నాకు తెలుసు కాబట్టి కోపం నషాళానికెక్కింది. అంతలోనే మా మామయ్య గుర్తొచ్చారు. ఆయనకి పదిహేనేళ్లుగా షుగర్. ప్రతి పండక్కీ చేయి అడ్డం పెట్టినా వినకుండా ఆయన ప్లేటులో స్వీటు వేసింది నేనే. "ఒక్కటేగా మామయ్యా!" అంటూ.

ఇంకో పార్టీలో భోజనం రాత్రి పదిన్నర దాటాక గానీ రాలేదు. ఇంట్లోనే ఇన్సులిన్ వేసుకుని వెళ్లాను. చేతులు వణికాయి, చెమటలు పట్టాయి, ఎదుటివాళ్ల మాటలు ఎక్కడో దూరంగా వినిపించాయి. షుగర్ పడిపోయింది. అప్పుడు నన్ను కాపాడింది అరగ్లాసు పండ్ల రసం! 15 గ్రాముల చక్కెర తీసుకుని 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోమని నేర్పారు, అలాగే చేశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అందుకే మా ఇంట్లో పార్టీ పెట్టాల్సి వచ్చినప్పుడు మొదట మెసేజ్‌లో భోజనం టైము రాశాను, ఎనిమిదింటికి అని. వచ్చేవాళ్లు మందులు దాన్నిబట్టి వేసుకుంటారు. ఎనిమిది అంటే ఎనిమిదే, ఎవరి కోసమూ ఆగలేదు. తిట్టుకున్నవాళ్లు తిట్టుకున్నారు.

తిండి విషయంలో మాత్రం ఆ మొదటిసారి ఘోరంగా దెబ్బతిన్నాను. వేపుడు లేదు, స్వీటు లేదు, అన్నీ ఆవిరి మీద ఉడికినవే. పిల్లలు బిస్కెట్లు అడిగారు. "ఇది పార్టీనా, వార్డా?" అన్నాడు మా తమ్ముడు. సగం మిగిలిపోయింది. నా భయమంతా ఇరవై మంది ప్లేట్లలో వడ్డించానన్నమాట.

రెండోసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు, వస్తువులు ఎక్కడ పెట్టాలో మాత్రం మార్చాను. తలుపు దాటగానే చేతికందేచోట పెద్ద జగ్గులో నిమ్మ చెక్కలు, పుదీనా, ఐసు వేసిన నీళ్లు, పక్కనే సాదా సోడా, మంచి గాజు గ్లాసులు. తీపి డ్రింకులు కూడా పెట్టాను, గది అవతలి మూల, చిన్న గ్లాసులతో. లేచి వెళ్లి తెచ్చుకున్నవాళ్లు తక్కువే. అందరూ ఆకలితో వచ్చేవేళకి కీర, క్యారెట్ ముక్కలు, గట్టి పెరుగులో వెల్లుల్లి కలిపిన డిప్, ఉప్పు వేయకుండా వేయించిన గింజలు చిన్న గిన్నెల్లో ముందే సిద్ధం. వేపుడు ఒకటే రకం, ఆఖర్న వేడిగా వచ్చింది. స్వీటు రెండు వేళ్లంత ముక్కలుగా కోశాను, పక్కన పండ్లు. ఏ గిన్నెలో చక్కెర ఉందో, ఏది వేపుడో చిన్న చీటీ రాసి పెట్టాను. అడగడానికి మొహమాటపడేవాళ్లకి అది పెద్ద ఊరట, నాకు స్వయంగా తెలుసు. ప్రత్యేక ప్లేటు ఎవరికీ లేదు, నాకు కూడా. తమ్ముడు జగ్గు రెండుసార్లు ఖాళీ చేశాడు, వార్డు మాట ఎత్తలేదు.

మామయ్య చీటీలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివి, తనకి కావాల్సింది తనే వడ్డించుకున్నారు. స్వీటు దగ్గర ఆగి ఒక ముక్క తీసుకున్నారు. నా వైపు చూశారు. నేను నోరెత్తలేదు, ఎటువైపూ. ఆయన దాన్ని మెల్లగా, చాలాసేపు తిన్నారు.

కిందటిసారి నా ట్రైగ్లిజరైడ్లు 170. ఈ పండగలయ్యాక మళ్లీ పరీక్ష ఉంది. రక్తం తీశాక ట్యూబు ఎటు తీసుకెళ్తే అటు నా కళ్లు పోతాయి. ఇప్పుడు ఎర్రగానే ఉంటోంది. అయినా చూస్తాను.